నాన్న ఇల్లు ఇప్పుడే రాయించుకోవద్దు

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్‌లో ఉద్యోగం. అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే. వాళ్ళు తెనాలిలో సొంతింట్లో ఉంటారు. నాన్నకు 74, రిటైర్డ్ లెక్చరర్, పెన్షన్ వస్తుంది. అమ్మకు 68. పోయిన నెల నాన్న బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగింది. మా దగ్గరికి వచ్చేయమంటే ‘అల్లుడి ఇంట్లో ఎన్నాళ్ళుంటాం’ అంటారు. పైగా ఇల్లు ఇప్పుడే నా పేర గిఫ్ట్ డీడ్ రాసేస్తానని పట్టుబడుతున్నారు. మా మామగారు వీలునామా ఏమీ రాయకుండా మూడేళ్ళ క్రితం పోయారు. అత్తయ్యకు 70, కరీంనగర్‌లో ఒక్కతే ఉంటుంది. మరిది డాలస్‌లో స్థిరపడ్డాడు. ఆ ఇల్లు అమ్మేసి అమ్మను మీ దగ్గరే ఉంచుకోండి, ఖర్చులు నేను పంపిస్తా అంటున్నాడు. మాకు ఒక్కడే బాబు, పదో తరగతి. ఇద్దరం ఉద్యోగాలు. ముగ్గురు పెద్దవాళ్ళను ఎలా చూసుకోవాలి? రేపు ఇదంతా మావాడి ఒక్కడి నెత్తిన పడుతుందా? అసలు వాళ్ళ తరానికి కుటుంబం అంటూ మిగులుతుందా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అన్నింటికన్నా ముందు గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ఆపండి. మిగతావాటికి కొన్ని నెలలు పట్టినా నష్టం లేదు. ఆ సంతకం మాత్రం ఒకసారి పడితే వెనక్కి రాదు.

మీ నాన్నగారిది ప్రేమే, అనుమానం లేదు. ఒక్కగానొక్క కూతురు, ఎప్పటికైనా ఆమెదే కదా, ఇప్పుడే రాసేస్తే తర్వాత తిరుగుడు ఉండదని ఆయన లెక్క. కానీ రిజిస్టరై మీరు స్వీకరించిన గిఫ్ట్‌ను ఆయన తనంతట తాను రద్దు చేసుకోలేరు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆయన ఉండేది మీ అనుమతి మీద. మీరు మంచివారే, ప్రమాదం మీ నుంచి కాదు. రేపు మీకే ఏదైనా జరిగితే? హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 15 ప్రకారం, వీలునామా రాయకుండా చనిపోయిన స్త్రీ ఆస్తి మొదట పిల్లలకు, భర్తకు వెళుతుంది. తల్లిదండ్రుల వంతు చాలా తర్వాత, భర్త వారసులకు కూడా వెనక. అంటే తెనాలి ఇల్లు మీవారికీ మీ బాబుకీ వస్తుంది, కట్టుకున్న ఇంట్లో మీ అమ్మానాన్నలు పరాయివాళ్ళవుతారు. బాబు మైనరు కాబట్టి అతని వాటా కదిలించాలంటే కోర్టు అనుమతి కూడా కావాలి. రేపు మీరెవరికైనా హామీ సంతకం పెట్టి చిక్కుల్లో పడినా అప్పులవాళ్ళ చూపు ఆ ఇంటి మీదే పడుతుంది.

తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది కదా అంటారు చాలామంది. 2007 నాటి ఆ చట్టంలోని సెక్షన్ 23 కింద, ‘బాగోగులు చూడాలి’ అన్న షరతు మీద రాసిన ఆస్తిని, చూడకపోతే ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. అయితే ఆ షరతు ఉన్నట్టు చూపించాలని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 జనవరిలో వచ్చిన మరో తీర్పు పెద్దవాళ్ళ వైపు కాస్త ఉదారంగా చూడాలంది. అయినా దస్తావేజులో షరతు కనిపించకపోతే పోరాటం పొడుగవుతుంది. మన దగ్గర డాక్యుమెంట్ రైటర్లు వాడే మామూలు నమూనాలో ‘ప్రేమాభిమానాలతో’ అన్న మాట ఉంటుందిగానీ ఈ షరతు ఉండదు. ఎంత చెప్పినా నాన్నగారు గిఫ్టే అంటే, తామిద్దరూ బతికున్నంతకాలం నివాస, అనుభవ హక్కులు తమవేనన్న మాట, పోషణ షరతు రెండూ రాయించాలి. అవి లేని కాగితం మీద మీరు సంతకం పెట్టకండి.

ఆయనకు సరిపోయేది వీలునామా. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ప్రతి పేజీలో సంతకం, చివర ఇద్దరు సాక్షులు. ఆ ఇద్దరూ వాటాదారులు కాకూడదు, ఆయనకన్నా వయసులో చిన్నవాళ్ళయితే మంచిది (80 ఏళ్ళ స్నేహితుణ్ణి సాక్షిగా పెట్టుకుంటే అవసరపడే నాటికి సాక్షి ఉండడు). రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయించండి. ఆయన స్పృహతో, ఇష్టపూర్వకంగా రాస్తున్నారని అదే రోజు డాక్టరు దగ్గర ఒక సర్టిఫికెట్ తీసుకోండి. ఆస్తి ఎవరికి రాయాలన్నది కూడా ముఖ్యమే. నేరుగా మీకు కాదు, ముందు మీ అమ్మగారికి పూర్తి హక్కుతో రాయమనండి, అమ్మ తనకన్నా ముందే పోతే మీకు చెందాలని తర్వాతి వాక్యం. అమ్మ విడిగా మీ పేర తన వీలునామా రాస్తారు. అమ్మకు ‘జీవితాంతం అనుభవించే హక్కు’ మాత్రమే ఇచ్చి యాజమాన్యం మీకు పెట్టే పద్ధతి పాత వీలునామాల్లో కనిపిస్తుంది. వైద్యానికి డబ్బు కావాల్సి ఇల్లు అమ్మాలనుకున్నా అలాంటి తల్లి అమ్మలేదు.

మీరూ ఒక వీలునామా రాయండి. పైన చెప్పిన సెక్షన్ 15 మీ జీతం మీద కొన్నదానికీ వర్తిస్తుంది. మీ సంపాదనలో అమ్మానాన్నలకు ఏదైనా చెందాలంటే మీరు రాస్తేనే చెందుతుంది. టర్మ్ పాలసీలో నామినీగా భర్త ఒక్కరి పేరే ఉంటే, కొంత శాతం అమ్మ పేర మార్చండి. బీమా చట్టంలో 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వాళ్ళ సొంతమే అవుతుంది.

ఇక కరీంనగర్ ఇల్లు. అది మామగారి స్వార్జితమైతే, ఆయన పోయిన రోజే మూడు సమాన వాటాలైంది: అత్తగారికి ఒకటి, కొడుకులిద్దరికీ చెరొకటి. ‘అమ్మ ఇల్లు అమ్మేద్దాం’ అన్న మాటలోనే పొరపాటుంది. అమ్మాలంటే ముగ్గురూ సంతకం చేయాలి. మరిది రాలేకపోతే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. అతను ప్రవాసి కాబట్టి అతని వాటా సొమ్ములో కొనేవాళ్ళు టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపన్ను) పట్టుకుంటారు. ముందుగా ఆదాయపన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, లాభం మీద కాకుండా మొత్తం ధర మీద కోత పడుతుంది, రిఫండు కోసం రిటర్ను వేసి ఎదురుచూడాలి. ఇదంతా మరిదికి చెబితే అమ్మకం తొందర సగం తగ్గుతుంది.

తగ్గడమే మంచిది. సొంతిల్లు ఉన్న అత్తగారు మీ ఇంటికి వచ్చి ఉండటం వేరు, ఇల్లు అమ్ముకుని వచ్చి ఉండటం వేరు. మొదటిదాంట్లో ఆమె అతిథి కాదు, తిరిగి వెళ్ళగలిగిన మనిషి. రెండోదాంట్లో కోడలితో చిన్న మాట తేడా వచ్చినా ఆమె వెళ్ళే చోటు లేదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు, మీకూ తెలుసు. మూడు వాటాల పేర్లూ రికార్డుల్లోకి ఎక్కించి, ఇల్లు అలాగే ఉంచండి. ఆమె ఏమంటున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అడగండి. ‘నేనెక్కడికీ రాను బిడ్డా’ అంటే అది మొండితనమని కొట్టిపారేయకండి.

మీ ఉత్తరంలో మీవారి ప్రస్తావన కూడా ‘ఇద్దరం ఉద్యోగాలు’ అన్న దగ్గర తప్ప ఎక్కడా లేదు. అత్తగారి డాక్టరు అపాయింట్‌మెంట్లు, మందుల చీటీలు, కరీంనగర్ ప్రయాణాలు ఎవరు చూస్తున్నారు? మీరే అయితే అది ఈ నెలలోనే మారాలి. కొడుకు తల్లిని, కూతురు తన తల్లిదండ్రులను ముందుండి చూసుకోవడం, రెండోవారు పక్కన ఉండటం. ఇద్దరూ సంపాదించే ఇళ్ళలో ఇంతకన్నా నిలబడే ఏర్పాటు మరొకటి లేదు. పన్ను లెక్కా దీనికి తగ్గట్టే ఉంది: పాత పన్ను విధానంలో ఉంటే ఆరోగ్యబీమా ప్రీమియం మినహాయింపు ఎవరి తల్లిదండ్రులకు వారికే, అత్తమామలకు కట్టినది లెక్కలోకి రాదు.

నాన్నగారు పడిన సంగతికి వద్దాం. మణికట్టుకు కట్టు కట్టి ఊరుకున్నట్టున్నారు. 70 దాటిన మనిషి నిలుచున్న ఎత్తు నుంచి పడి ఎముక విరిగిందంటే రెండు విషయాలు తేలాలి. ఎముక ఎందుకంత పెళుసుగా ఉంది, అసలు ఎందుకు పడ్డారు? మొదటిదానికి ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాను, విటమిన్ డి పరీక్ష. రెండోదానికి ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే, లేవగానే తల తిరిగి పడి ఉండవచ్చన్నమాట. బీపీ మాత్రలు, ప్రొస్టేటు మాత్రలు, నిద్రమాత్రలు ఈ పని చేస్తాయి. మూడూ ముగ్గురు వేర్వేరు డాక్టర్లు రాసి ఉంటారు, ఒకరి చీటీ ఇంకొకరు చూసి ఉండరు. మందులన్నీ ఒక సంచిలో వేసుకుని ఒకే ఫిజీషియన్ ముందు పెట్టండి. మాత్రలు మీరే ఆపేయకండి. కంట్లో శుక్లం ఉందా, షుగరు వల్ల పాదాలు మొద్దుబారాయా అన్నవి కూడా అదే రోజు చూపించండి.

తర్వాత బాత్రూం. ఆయన తెనాలిలో ఉన్నా హైదరాబాద్ వచ్చినా ఇది చేయాల్సిందే. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి, గుమ్మం దగ్గర ఒకటి, మూడు స్టీలు పట్టుకమ్మీలు. నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తు, ఒకటిన్నర అంగుళం లావు, గోడలోకి యాంకర్ బోల్టులతో బిగించాలి. వాక్యూమ్‌తో అతుక్కునేవి వద్దు. టవల్ రాడ్డును పట్టుకుని లేవడం పెద్దవాళ్ళకు అలవాటు, అది టవలు బరువుకు చేసింది, మనిషి బరువుకు ఊడివస్తుంది. కమోడ్ సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తుండాలి, తక్కువైతే పైన ఎత్తు పెంచే రైజర్ పెట్టండి. బకెట్ నేల మీద ఉంటే ప్రతి చెంబుకూ వంగాలి. దాన్ని ఒక పీట మీదకు ఎక్కించండి, లేదా హ్యాండ్ షవర్ పెట్టి రబ్బరు కాళ్ళున్న బరువైన స్టూలు మీద కూర్చోమనండి. తేలికపాటి ప్లాస్టిక్ స్టూలు తడి నేల మీద జారుతుంది. తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి. లోపలికి తెరుచుకునే తలుపైతే, పడిన మనిషే దానికి అడ్డమవుతాడు, బయటివాళ్ళు నెట్టలేరు. లోపలి గడియ తీసేసి బయటి నుంచి కూడా తెరవగల తాళం వేయించండి. మంచం నుంచి బాత్రూం దాకా మనిషి కదిలితే వెలిగే లైట్లు రెండు. రాత్రిపూట చీకట్లో మూత్రానికి లేచినప్పుడు పడే ప్రమాదం ఉంది. అంతా కలిపి మేస్త్రీకి, ప్లంబరుకు రెండు రోజుల పని.

వాళ్ళు ఎక్కడ ఉండాలి? మీ ఇంట్లో వద్దు. మీ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో, వీలైతే అదే అపార్టుమెంటులో, చిన్న అద్దె ఫ్లాటు. అగ్రిమెంటు నాన్నగారి పేర, అద్దె ఆయన పెన్షన్‌లోంచి. ఈ రెండూ ముఖ్యం. ‘అల్లుడి ఇంట్లో ఉండం’ అనే మాటకు వాదనతో జవాబు చెప్పలేరు, అద్దె చీటీ మీద ఆయన పేరుంటే జవాబు చెప్పక్కర్లేదు. మొదట మూడు నెలలకే అనుకోండి, ఎండలు లేని కాలంలో, అక్టోబరు నుంచి జనవరి లోపు. 11 నెలలకు తక్కువైతే రాయబోమని ఇంటివాళ్ళు అంటే, నెల నోటీసుతో ఖాళీ చేసే షరతు అడగండి. తెనాలి ఇల్లు మొదటి ఏడాది అమ్మొద్దు, అద్దెకూ ఇవ్వొద్దు. తాళం పక్కింటివాళ్ళకు ఇచ్చి వారానికోసారి తలుపులు తీయమనండి.

ఫ్లాటు చూసేటప్పుడు లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందా అని కొలవండి. చాలా అపార్టుమెంట్లలో పట్టదు, రోగిని కుర్చీలో కూర్చోబెట్టి దించుతారు, తుంటి విరిగిన మనిషిని అలా దించడం నరకం. లిఫ్టుకు జనరేటర్ ఉందా? బాత్రూం తలుపు సందు 32 అంగుళాలైనా ఉందా? 24 గంటల ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రి ఎంత దూరం? వీటన్నిటితో సమానంగా ఇంకోటి: సాయంత్రం ఐదింటికి కింద బెంచీల మీద ఆయన వయసువాళ్ళు కూర్చుంటున్నారా? తెనాలిలో పొద్దున్నే పేపరు, రణరంగ చౌక్ వైపు ఒక చుట్టు, దారిలో నలుగురు శిష్యులు ‘మాస్టారూ’ అని పలకరించడం, ఆయన రోజంతా వీటి మీద నడుస్తుంది. పద్నాలుగో అంతస్తులో టీవీ ముందు కూర్చోబెడితే ఆర్నెల్లలో మనిషి కుంగిపోతాడు. కొత్త చోటికి మారినప్పుడు అప్పటిదాకా బయటపడని మతిమరుపు బయటపడటం కూడా మామూలే. తెలిసిన ఊళ్ళో కాళ్ళే దారి చూపిస్తాయి, కొత్త చోట మెదడు పనిచేయాలి. ఒకే ప్రశ్న గంటలో మూడుసార్లు అడగడం, కట్టిన బిల్లు మళ్ళీ కట్టడం కనిపిస్తే న్యూరాలజిస్టుకు చూపించండి.

అమ్మ వచ్చారు కదా అని వంటమనిషిని మాత్రం మానిపించకండి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ రాక మెల్లగా చాకిరీగా మారేది అక్కడే. అమెరికాలో కానుపులకు ఆర్నెల్లు వీళ్ళు, ఆర్నెల్లు వాళ్ళు వంతులేసుకుని వెళ్ళిన తరం ఇది. మళ్ళీ ఇక్కడా రెండిళ్ళ వంట ఆమె నెత్తిన పెట్టొద్దు. వారానికి రెండుసార్లు అందరూ కలిసి తినడం చాలు. అత్తగారు కూడా వచ్చి ఉంటే ఆవిడ మీ ఇంట్లో, అమ్మానాన్నలు వాళ్ళ ఫ్లాటులో. ఇద్దరు వియ్యపురాళ్ళను ఒకే వంటింట్లో పెట్టే సాహసం చేయకండి. సర్వపిండిలో నువ్వులెన్ని వేయాలన్న దగ్గర మొదలై అది ఎక్కడికైనా పోతుంది.

అత్తగారు కరీంనగర్‌లోనే ఉంటానంటే, ఒంటరిగా ఉండే మనిషికి కావలసింది రోజుకో పలకరింపు, అది రాకపోతే ఏం చేయాలో ముందే అనుకున్న వరస. పొద్దున ఎనిమిదింటికి ఆమె నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్. ఎనిమిదిన్నరకు రాకపోతే మీవారు ఫోన్ చేయాలి. తొమ్మిదికి ఎత్తకపోతే రెండో తాళంచెవి ఉన్న పక్కింటివాళ్ళు తలుపు తీయాలి. ఆ పక్కింటివాళ్ళకు ముందే చెప్పి, వాళ్ళ నంబరు మీ ముగ్గురి ఫోన్లలోనూ ఉంచుకోండి. తలుపు లోపలి గడియ వేసుకుంటే రెండో తాళంచెవి పనికిరాదు, అందుకని బయటి నుంచి తెరవగల తాళం ఇక్కడా వేయించాలి. పగలు నాలుగు గంటలు ఒక పనిమనిషి. రాత్రి మనిషి కావాల్సి వస్తే ఏజెన్సీ వాళ్ళను అడగాల్సినవి: పోలీసు వెరిఫికేషన్ ఉందా, వారపు సెలవు రోజున ఎవరొస్తారు, మనిషిని ఎన్నాళ్ళకోసారి మారుస్తారు. అటెండెంటు నర్సు కాదు. ఇన్సులిన్ వేయడం, గొట్టం మార్చడం ఆమెకు అప్పజెప్పకూడదు. బంగారం, ఏటీఎం కార్డు ఆ ఇంట్లో ఉండకూడదు. అనుమానంతో కాదు, ఏదైనా కనిపించకపోతే మొదట అనుమానం పడేది ఆమె మీదే కాబట్టి.

మరిది డబ్బు పంపుతానంటున్నాడు, సంతోషం. కానీ డబ్బు పంపేవాడు నిర్ణయాలు చెబుతాడు, చాకిరీ చేసేవాళ్ళు వింటారు అన్న వరసలోకి వెళ్ళకండి. దూరం నుంచి చేయగలిగిన పని చాలా ఉంది: మందులు ఆన్‌లైన్‌లో తెప్పించడం, బీమా క్లెయిము కాగితాలు నడపడం, కరెంటు, ఇంటిపన్ను బిల్లులు, రోజూ వీడియో కాల్. అక్కడ పొద్దున తొమ్మిదికి ఇక్కడ వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర, అమ్మ భోజనం వేళ. ఆమె తిన్నదా లేదా అతనే చూడవచ్చు. ఏడాదికి మూడు వారాలు వచ్చి ఉండాలి, ఆ మూడు వారాలూ తల్లి బాధ్యత అతనిది, మీరు ఊరెళ్ళాలి. పంపే డబ్బు మీ ఖాతాలోకి కాదు, అత్తగారి ఖాతాలోకి. ఖర్చులు ముగ్గురికీ కనిపించే ఒక షీటులో రాయండి.

ఆరోగ్యబీమాకు: మీ కంపెనీ పాలసీలో అమ్మానాన్నలనైనా అత్తమామలనైనా ఒక జంటనే చేర్చనిస్తారా చూడండి. అలాగైతే మీ పాలసీలో మీవాళ్ళు, మీవారి పాలసీలో అత్తగారు. 70 నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏటా 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. నాన్నగారు, అత్తగారు అర్హులు, అమ్మ ఇంకా కాదు. మీరు వెళ్ళే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో ఒంట్లో బాగున్నప్పుడే కనుక్కోండి.

ఎవరూ నోరు తెరవని సంగతి ఒకటుంది. మీ అమ్మానాన్నల్లో ఒకరు ముందు పోతారు. వయసుల తేడా చూస్తే మిగిలేది అమ్మ కావచ్చు, అదీ కొన్నేళ్ళ పాటు. కాబట్టి ఇప్పుడు వేసే ప్రతి ఏర్పాటునూ ‘అమ్మ ఒక్కతే అయితే ఇది నడుస్తుందా’ అని అడిగి చూడండి. పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు)లో ఆమె పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కుటుంబ పెన్షన్ నెలల తరబడి ఆగేది ఎక్కువగా ఈ పేరు తేడాతోనే. పెన్షన్ ఖాతా ఇద్దరి పేర, ఎవరైనా నడపగలిగే పద్ధతిలో ఉండాలి. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషే తప్ప వారసుడు కానక్కర్లేదని కూడా గుర్తుంచుకోండి. అమ్మ చేత నెలకొకసారి ఏటీఎంలో డబ్బు తీయించండి, కరెంటు బిల్లు ఫోన్‌లో కట్టించండి. నాన్నగారు పక్కన నిలబడి చేతులు కట్టుకుని చూడాలి, లాక్కోకూడదు.

పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలనుకుంటారు. ఇక్కడి చట్టంలో రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం తప్పితే ఆ పవర్ కూడా చెల్లదు, సరిగ్గా అవసరమైన రోజునే పనికిరాకుండా పోతుంది. ఆ తర్వాత కోర్టు ద్వారా సంరక్షకుల నియామకమే దారి. అందుకే ఉమ్మడి ఖాతాలు ముందే కావాలి. ఐసీయూలో వెంటిలేటర్ దాకా వెళ్ళాలా వద్దా అన్నది కూడా వాళ్ళే ముందుగా రాసిపెట్టుకోవచ్చు. 2018లో సుప్రీంకోర్టు అనుమతించింది, 2023లో పద్ధతి తేలిక చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరణ. ఈ మాట మీరు ఎత్తితే అపశకునంలా వినిపిస్తుంది. ‘నాకు నేను రాసుకుంటున్నాను నాన్నా, ఒకసారి చూడండి’ అని మీ కాగితం చూపించండి. లెక్చరరుగారు కదా, దిద్దడం మొదలుపెడతారు.

ఇక మీ బాబు తరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీకి సగటున పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా స్థిరంగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి కంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసిందంటే గాలి ఎటు తిరిగిందో అర్థమవుతుంది. ప్రభుత్వాలు ఏం చేసినా పుట్టాల్సిన తరం పుట్టేసింది. మీ ఒక్కగానొక్క కొడుకు పిల్లలకు మేనత్త ఉండదు, పెదనాన్నా బాబాయీ ఉండరు. అతను ఇంటి ఒక్కతే కూతుర్ని చేసుకుంటే మేనమామా ఉండడు, పెళ్ళికూతురి బుట్ట మోయడానికి అమ్మ కజిన్లను వెతుక్కోవాలి. కుటుంబం మిగలదని కాదు, పక్కలకు సన్నబడి పొడుగవుతుంది: ఒకే ఇంటి గొలుసులో నాలుగు తరాలు బతికుంటాయి, ఒక్కో తరంలో ఒకరో ఇద్దరో. ఆ ఒక్కరికి రక్తసంబంధం కానివాళ్ళ సాయం ఇప్పటికన్నా ఎక్కువ కావాలి. మీ బాబును డాలస్ బాబాయి పిల్లలతో, మీ కజిన్ల పిల్లలతో ఏటా వేసవిలో రెండు వారాలు ఒకచోట ఉంచండి. వాట్సాప్ గ్రూపుతో ఈ పని జరగదు. తాతయ్య మందుల డబ్బా ఆదివారం నింపే పని వాడికివ్వండి, అన్నం, పప్పు, ఒక కూర వండటం నేర్పండి.

భారం సంగతి అంటారా, అది మనుషుల సంఖ్యతో తేలదు, మీరు ఏం మిగిల్చి వెళ్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. 43 ఏళ్ళకు మీ చేతిలో ఇంకా పదిహేనేళ్ళ సంపాదన ఉంది. వాడి పైచదువుకు మీ రిటైర్‌మెంట్ సొమ్ము ముట్టుకోకండి. చదువుకు అప్పు దొరుకుతుంది, ముసలితనానికి దొరకదు. రేపు సీనియర్ లివింగ్ (పెద్దవాళ్ళ కోసమే నడిపే) ఇళ్ళ గురించి ఆలోచిస్తే ఇప్పుడే ఒకటి రెండు చూసి రండి, మూడు ప్రశ్నలు అడగండి: డిపాజిట్‌లో ఎంత తిరిగొస్తుంది, జంటలో ఒకరు పోతే రెండోవారి నెల ఖర్చు ఎంత, మంచాన పడితే ఉంచుకుంటారా పంపేస్తారా. మూడోదానికి సూటిగా జవాబు చెప్పని చోటికి మళ్ళీ వెళ్ళొద్దు.

ఈ వారంలో బాత్రూం మేస్త్రీ, మందుల సంచి. ఈ నెలలో మీ వీలునామా, పీపీఓలో పేరు. మరిది వచ్చినప్పుడు కరీంనగర్ ఇంటి కాగితాలు: మామగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి అసలు దస్తావేజు, ముగ్గురి పాన్, ఆధార్. గిఫ్ట్ డీడ్ కోసం నాన్నగారు ఇప్పటికే డాక్యుమెంట్ రైటరుకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే, అదే మనిషితో వీలునామా ముసాయిదా రాయించండి, డబ్బు వృథా పోదు.